‘వద్దు’ – ఒక వారింపు మాట, దాని పొరుగు మాటలు

ఒకరిని ఒక పనినుండి వారింపవలసి వచ్చినపుడు తెలుగువారి నోట ముందుగా వెలువడునది ‘వద్దు’. ఇది ‘వలదు’ అను రూపమునుండి పుట్టినది. నడిమి అచ్చు లోపించి ‘వల్దు’ అయి, పిదప లకారము దకారమున కలిసిపోయినది. ‘వలయు’ అనగా కోరుట, కావలసియుండుట. ‘చేయవలెను’ లోని ధాతువే ‘చేయవలదు’ లోను కలదు. కావున దీని మొదటి యర్థము ‘అక్కరలేదు’ అనియే. అదియే క్రమముగా నిషేధమైనది. అక్కరలేదని పెద్దలన్న పనిని మానుటయే మర్యాద గదా!

తమిళపు ‘వేండాం’, కన్నడపు ‘బేడ’ ఇదే త్రోవను నడచినవి. ధాతువు మాత్రము వేరు. ఆ ధాతువు తెలుగున ‘వేడు’ అను క్రియగా నిలిచి, ప్రార్థించుటకే పరిమితమైనది. అయితే తమిళమున ‘వర వేండాం’ అన్నచో రావద్దనియు, రానక్కరలేదనియు రెండర్థములు పొసగును. తెలుగున ‘రావద్దు’ అన్నచో నిషేధమే. కోయంబత్తూరులోనో మదురలోనో రెండు భాషల నడుమ పెరిగినవారు ఈ భేదమును మరచి తెనిగించిరేని, శ్రమపడి రానక్కరలేదను మన్నన కాస్తా గడప త్రొక్కవద్దను మాటగా వినబడును. పెండ్లి పిలుపులవేళ ఇది చిన్న పొరపాటు కాదు.

షోలాపురమున స్థిరపడిన పద్మశాలీలు నిత్యము విను మరాఠీ ‘నకో’ ఆర్యభాషాపదమైనను వాడుకలో ‘వద్దు’కు తోబుట్టువే. ‘మలా నకో’ అన్న నాకు వద్దని. ‘జాఊ నకో’ అన్న పోవద్దని. కాని పెద్దలయెడ అది ‘నకా’ అగును. కన్నడమునను ‘హోగబేడ’ గౌరవమున ‘హోగబేడి’ అగును. ‘పోకు’, ‘పోకండి’ అని తెలుగునను భేదమున్నది గాని, ‘వద్దు’కు అది లేదు, నీవు పోవద్దు, మీరు పోవద్దు. దాని గౌరవమంతయు చివర చేరు ‘అండి’ మీదనే నిలిచియున్నది. అది జారినచో మనుమని ‘వద్దు’ తాతగారికి పెంకితనముగా తోచును. అందు పిల్లవాని దోషము స్వల్పము.

‘కూడదు’ తమిళమున ‘కూడాదు’గా కలదు, అది నియమమును తెలుపును. ‘రాదు’ ‘పొగ త్రాగరాదు’ వంటి ప్రకటన పలకల కెక్కినది. ‘వద్దు’ చెప్పువాని ఇచ్ఛను తెలుపును. భోజనపంక్తిలో విస్తరిపై చేయి అడ్డుపెట్టి ‘వద్దు’ అందురే గాని, ‘కూడదు’ అని ఎవ్వరును అనరు.