ఇంటికి వచ్చిన విద్యార్థి

సెలవు అంటే పని లేని కాలమని చాలామంది అభిప్రాయం. నిజానికి సెలవు పని మారే కాలం. కాడి దించినంత మాత్రాన ఎద్దు మేత మానదు గదా! అట్లే కళాశాల తలుపులు మూసినంత మాత్రాన విద్యార్థి మనస్సు మూతపడవలసిన అవసరం లేదు. ఈ మాట వినగానే, సెలవులలో సైతం పాఠ్యపుస్తకాలు ముందు వేసుకొని కూర్చోవలెనేమోనని విద్యార్థులు జంకుతారు. ఆ జంకు అక్కరలేదు. కళాశాలలో దొరకని చదువు కొంత కలదు. అది ఇంటివద్దనే, అందునా చలికాలపు సెలవులలోనే దొరుకుతుంది.

జయశంకర్ భూపాలపల్లి జిల్లా చిట్యాల మండలంలోని పల్లెలనే తీసుకొందాము. అక్కడినుండి భూపాలపల్లికి, పరకాలకు, హనుమకొండకు, హైదరాబాదుకు చదువుల నిమిత్తం వెళ్ళిన యువతీ యువకులు సంక్రాంతికి ముందు ఇళ్ళకు చేరుకొంటారు. వారిలో అనేకుల ఇళ్ళలో కళాశాల గడప తొక్కినవారు వారే మొదటివారు. ఇంటర్మీడియట్ వారికి సెలవులు తక్కువ. డిగ్రీవారికి సెమిస్టరు పరీక్షలనుబట్టి కొంత హెచ్చుతగ్గులుండును. నాలుగు దినాలైనా, పది దినాలైనా, ఆ స్వల్పకాలంలో తేలవలసిన విషయం ఒకటున్నది. చదువు ఆ బిడ్డను ఇంటికి దగ్గర చేసినదా, దూరం చేసినదా?

ఈ ప్రశ్న తేలికైనది కాదు. కొడుకు చదివే శాస్త్రం పేరేమో తండ్రికి తెలియదు. తండ్రి ఈ యేడు ఎన్ని ఎకరాలలో పత్తి పెట్టినాడో, అందుకు ఎంత అప్పు తెచ్చినాడో కొడుకుకు తెలియదు. ఒకే కప్పు కింద ఇద్దరూ కూర్చొని భోజనం చేస్తారు, మాట్లాడుకొనుటకు మాటలుండవు. ఈ మౌనం ఏటేటా పెరిగితే చదువు పూర్తయ్యేనాటికి పట్టా చేతికి వస్తుంది, ఇల్లు చేజారుతుంది. దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకొనవలెనన్నారు పెద్దలు. సెలవులే ఆ దీపం.

చేనులోని పాఠం

సంక్రాంతి నాటికి ఆ ప్రాంతపు రైతుకు ఊపిరి సలపదు. ఒకవైపు పత్తి చివరి ఏరుళ్ళు, మరొకవైపు మిరప తోటల పని, ఇంకొకవైపు యాసంగి వరినాట్లు. విద్యార్థి ఇంటికి వచ్చిన మరునాడే చేనికి వెళ్ళుట మంచిది. కూలి మిగులుతుందని మాత్రమే కాదు, అక్కడ ఒక పాఠమున్నది కనుక.

పత్తినే చూడుడు. భారత పత్తి సంస్థ కొనుగోలు కేంద్రాలలో తేమ ఎనిమిది శాతం లోపలనున్న పత్తికి పూర్తి మద్దతు ధర లభిస్తుంది. ఎనిమిదినుండి పన్నెండు శాతం వరకు తేమ పెరిగినకొద్దీ, ప్రతి శాతానికి ధరలో ఒక శాతం చొప్పున తగ్గిస్తారు. పన్నెండు దాటితే కొనరు. 2025-26 పంటకాలానికి పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. తేమ పది శాతమున్న పత్తి పది క్వింటాళ్ళు తీసుకొని వెళ్ళిన రైతు, రెండు శాతం కోతవల్ల 1,622 రూపాయలు పోగొట్టుకొంటాడు. ఆ తేమలో కొంత పుష్యమాసపు మంచే. తెల్లవారగానే మంచు ఆరకముందు ఏరిన పత్తి, ఏరిన తరువాత ఆరబెట్టకుండా బోరెములలో కుక్కిన పత్తి తేమను పట్టి ఉంచుతుంది. పొద్దెక్కి మంచు ఆరిన పిమ్మట ఏరి, ఎండలో పలుచగా పరచి ఆరబోస్తే ఆ నష్టం చాలావరకు తప్పుతుంది.

గాలిలోని నీటి ఆవిరి ఎప్పుడు మంచుబిందువగునో భౌతికశాస్త్ర విద్యార్థి చదివియే ఉన్నాడు. శాతాల లెక్క వాణిజ్యశాస్త్ర విద్యార్థినికి కరతలామలకం. ఆ చదువును ఇంటి పత్తి కుప్పవద్ద నిలబడి వివరించగలిగితే, ఏ శాస్త్రం చదువుతున్నాడో తల్లిదండ్రులకు వేరే చెప్పనక్కరలేదు. పత్తి అమ్ముటకు 2025లో వచ్చిన కపాస్ కిసాన్ అనే యాప్‌లో ముందుగా సమయం నమోదు చేసుకొనవలసిన పద్ధతి ఏర్పడినది. చదువురాని రైతుకు అది కొరకరాని కొయ్య. కళాశాల విద్యార్థికి పది నిమిషాల పని. ఆ పది నిమిషాలకై తండ్రి మరొకరి ఇంటి ముందు చేతులు కట్టుకొని నిలబడకుండా చూచుట పుత్రధర్మమే.

దీనితోపాటు ఒక చిన్న పుస్తకంలో ఇంటి సేద్యపు లెక్క వ్రాయవలె. విత్తనాలకెంత, ఎరువులకెంత, కూలికెంత, అప్పుమీద వడ్డీ ఎంత, వచ్చినది ఎంత. ఈ లెక్క తండ్రిని తప్పుపట్టుటకు కాదు. తన కళాశాల రుసుము ఏ చేనినుండి వచ్చినదో తనకు తెలియుటకు. అది తెలిసిన విద్యార్థి తరగతి ఎగవేయుటకు ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాడు.

ఇక్కడ మరొక మాట చెప్పక తప్పదు. సెలవులకు కుమారుడు వస్తే మంచం వేసి విశ్రాంతి తీసుకొమ్మంటారు. కుమార్తె వస్తే వంటయింటిలోనికి పంపుతారు. సంక్రాంతికి సకినాల పిండి కలుపుట మొదలు గిన్నెలు తోముట వరకు ఆ బాలికదే భారం. పదిదినాల సెలవులో పది పుటలు చదువుకొనే తీరిక దొరకక కన్నీళ్ళతో తిరిగి వెళ్ళే ఆడబిడ్డలు లేకపోలేదు. సకినాలు చుట్టుట చక్కని కళయే. దానిని అన్నదమ్ములు కూడా నేర్చుకొనవచ్చును. ఇంటిపని ఇద్దరూ పంచుకొంటే ఇద్దరికీ చదువు సాగుతుంది.

మాటల పంట

చేనిలో, కల్లంలో, వంటయింటిలో వినబడే మాటలకు విలువ కట్టినవారు తెలుగునాట ఇద్దరు ప్రముఖులున్నారు. మొదటివారు ఆచార్య బిరుదురాజు రామరాజు. వారు 1925లో వరంగల్లు ప్రాంతంలోని దేవనూరులో జన్మించినారు. ఊళ్ళలోని పాటలను సేకరించి, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పరిశోధన జరిపి, ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’ అనే గ్రంథాన్ని 1958లో వెలువరించినారు. నాట్లు వేసే స్త్రీల పాట, విసురురాయి పాట విశ్వవిద్యాలయ పరిశోధనకు తగిన సాహిత్యమని అట్లు రుజువైనది. రెండవవారు ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి. వారి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటాన్ని వ్యవసాయ పదాలతో ప్రకటించినది. చేనేత పదాల సంపుటం 1971లో వెలువడినది. ఊరూరికీ వెళ్ళి, వృత్తి చేసేవారినే అడిగి, వారి నోటి మాటలను యథాతథంగా నమోదు చేయుట వారి పద్ధతి.

ఈ పద్ధతిని విద్యార్థి తన ఇంటివద్దనే అవలంబింపవచ్చును. అందుకు కావలసినవి ఒక పుస్తకం, ఒక కలం, కొంత ఓపిక. నాగలిలోని ఒక్కొక్క భాగం పేరేమి? గొర్రుకు, గుంటుకకు భేదమేమి? మోట కొట్టిన కాలంలో ఏ పరికరాన్ని ఏమనేవారు? ఎన్ని సోలలు ఒక తవ్వ, ఎన్ని తవ్వలు ఒక మానిక, ఎన్ని మానికలు ఒక కుంచం? ఏ కార్తెలో ఏ పని? తాతను, అవ్వను కూర్చోబెట్టి అడిగితే ఒక్కొక్క మాటకు ఒక్కొక్క కథ దొరుకుతుంది. వ్రాసేటప్పుడు మూడు నియమాలు పాటించవలె. మాటను ఎట్లు పలికితే అట్లే వ్రాయవలె, ‘సంస్కరించ’రాదు. చెప్పినవారి పేరు, వయస్సు, ఊరు, తేదీ పక్కన గుర్తించవలె. ఆ మాటను ఉపయోగించి వారు పలికిన వాక్యమొకటి తప్పక చేర్చవలె. కంఠధ్వనిని ఫోనులో పట్టుకొనేముందు వారి అనుమతి అడుగుట మర్యాద.

నాగళ్ళ స్థానంలో ట్రాక్టర్లు వచ్చినవి. మోటలు పోయి మోటార్లు వచ్చినవి. దానికి చింతించి ప్రయోజనం లేదు; రైతు నడుము కొంత నిలిచినది. కాని ఆ పరికరాలతో పాటు వాటి పేర్లు, ఆ పేర్లతో అల్లుకొన్న సామెతలు కూడా పోతున్నవి. ఎనభై యేండ్ల అవ్వకు వచ్చే సంక్రాంతి ఉండవచ్చును, ఉండకపోవచ్చును. ఆమెతోపాటు పోయే మాటను ఏ గ్రంథాలయమూ తెచ్చి ఇవ్వలేదు. తన ఊరి యాసకు పట్టణంలో సిగ్గుపడిన విద్యార్థి ఈ పని పూర్తిచేసిన తరువాత సిగ్గుపడడు. కాళోజీ జన్మదినమైన సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకొంటున్నాము. ఆ దినోత్సవానికి అర్థం ఇట్టి పనివల్లనే కలుగుతుంది.

సంక్రాంతి వేళ అయినవోలు మల్లన్న జాతర జరుగుతుంది. అక్కడ ఒగ్గువారి కథ, డోలు దెబ్బ, పట్నాల ముగ్గు చూడగలుగుట ఒక గొప్ప అవకాశం. తెలుగు చదివే విద్యార్థి జానపద సాహిత్యమనే అధ్యాయాన్ని అక్కడ కళ్ళారా చూడవచ్చును.

ఒక పూట యాత్ర

దూరదేశాలకు విహారయాత్ర వెళ్ళే స్తోమత అందరికీ ఉండదు. చిట్యాల విద్యార్థికి ఆ అవసరమూ లేదు. పొరుగు జిల్లా ములుగులో పాలంపేటవద్ద రామప్ప దేవాలయమున్నది. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో దానిని నిర్మింపజేసినాడని అక్కడి శాసనం చెబుతున్నది. 2021 జూలై 25న యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించినది. పునాదిలో ఇసుక, శిఖరంలో నీటిమీద తేలే తేలికైన ఇటుకలు, మండపపు అంచున నల్లరాతి మదనికలు. ఇంజనీరింగు చదివేవానికి, చరిత్ర చదివేవానికి, నాట్యం నేర్చేదానికి అక్కడ వేరువేరు పాఠాలున్నవి. అదే దారిలో ఘనపురంలోని కోటగుళ్ళు, రేగొండ మండలంలో ఆదిమానవుని చిత్రాలు గల పాండవుల గుట్ట, చిట్యాల మండలంలోనే నైన్‌పాక ఆలయం చూడవచ్చును.

2023 డిసెంబరు 9 నుండి తెలంగాణ ఆర్‌టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో స్త్రీలకు ప్రయాణం ఉచితమైనది గనుక విద్యార్థినులు తల్లిని, అవ్వను కూడా వెంట తీసుకొని వెళ్ళవచ్చును. జీవితమంతా పొరుగు జిల్లా దాటని తల్లికి తన కూతురు శాసనం చదివి వినిపించుట ఎంత పండుగ! అయితే చూచుట వేరు, ఫోటో దిగుట వేరు. ఒక స్తంభం ముందు పావుగంట నిలబడి, దానిమీద ఉన్నదంతా పుస్తకంలో వ్రాసుకొన్నవాడే చూచినవాడు. చెరువుగట్లమీద, గుట్టల అంచులమీద ప్రాణాలతో చెలగాటం తగదు. మంచు తెల్లవారుజామున మోటారు సైకిలు ప్రయాణం మానవలె.

పుస్తకమూ, ఫోనూ

1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించిన వట్టికోట ఆళ్వారుస్వామి పుస్తకాలను స్వయంగా మోసుకొని ఊరూరా తిరిగి అమ్మినారు. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషానిలయం వెలసినది. పుస్తకం దొరకని కాలంలో పెద్దలు అంత శ్రమపడినారు. నేడు పుస్తకం అరచేతిలోని ఫోనులో ఉన్నది. చదివే మనస్సే దొరకుట లేదు. సెలవులలో ఫోనుకు ఒక వేళ కేటాయించి, మిగిలిన సమయంలో దానిని గూటిలో పెట్టుట ఉత్తమం. రెండు పుస్తకాలు చాలును. ఒకటి తన శాస్త్రానికి సంబంధించినది, రెండవది కథల పుస్తకమో నవలయో. సాయంకాలం చలిమంట చుట్టూ ఇంటివారు కూర్చున్నప్పుడు ఒక కథ బిగ్గరగా చదివి వినిపించవలె. అక్షరాలు రాని తల్లికి కూడా సాహిత్యం అందుతుంది. చదివేవాని ఉచ్చారణ చక్కబడుతుంది.

తప్పిన పరీక్షలున్నవారు వాటిని మరచుట ఆత్మవంచన. ఉదయం రెండు గంటలు ఆ విషయానికే కేటాయించి, పాత ప్రశ్నపత్రానికి గడియారం ముందు పెట్టుకొని సమాధానాలు వ్రాయవలె. చదువుట కంటె వ్రాయుటవల్ల లోపం త్వరగా తెలుస్తుంది.

ఊరి ఉపాధ్యాయులు తలచుకొంటే మరొక మేలు జరుగుతుంది. పదవ తరగతి పరీక్షలు మార్చిలో ప్రారంభమగును. సెలవులకు వచ్చిన కళాశాల విద్యార్థి ఒక్కొక్కరికి ఇద్దరేసి పదవ తరగతి పిల్లలను అప్పగించి, రోజుకొక గంట లెక్కలో, ఆంగ్లమో చెప్పమంటే, పిల్లలకు ధైర్యం, చెప్పేవారికి విషయస్పష్టత కలుగుతవి. ఒకరికి బోధించినప్పుడే తనకెంత తెలియదో తెలుస్తుంది.

కాగితాల పని

ఇంటినుండి బయలుదేరేముందు కొన్ని చిన్న పనులు ముగించవలె. ఉపకారవేతనానికి కావలసిన ఆదాయ, కుల ధ్రువీకరణ పత్రాలు మీసేవ ద్వారా తీసుకొనుటకు ఇదే అనువైన సమయం. ఆధారు, బ్యాంకు పుస్తకం, మార్కుల జాబితాలలో తన పేరు ఒకే విధంగా ఉన్నదో లేదో సరిచూచుకొనవలె. ఒక అక్షరభేదమే వేతనాన్ని ఆపివేయగలదు. ఆ వేతనానికి డెబ్బదియైదు శాతం హాజరు అవసరమన్నది మరువరాదు. పదునెనిమిదేండ్లు నిండినవారు ఆరవ నమూనా పత్రం నింపి ఓటరుగా నమోదు కావలె. జనవరి 25 జాతీయ ఓటర్ల దినోత్సవం గనుక ఆ లోపల ఈ పని ముగిస్తే అది సార్థకమగును.

ఇవన్నీ పదిదినాలలో సాధ్యమా అని సందేహం కలుగవచ్చును. అన్నీ ఒకరే చేయనక్కరలేదు. మొదటి రెండు దినాలు హాయిగా నిద్రపోయి, అమ్మ చేతి వంట తిని, ఆ తరువాత ఇందులో మూడు పనులు ఎంచుకొని చివరివరకు సాగించినవాడు సెలవును గెలిచినట్లే. కళాశాల తెరిచేందుకు ఒకనాడు ముందే బయలుదేరవలె. ఆనాడు సంచిలో సకినాల డబ్బా పక్కన ఊరి మాటలు వ్రాసిన పుస్తకముంటే, తండ్రి నోట ‘మల్ల ఎప్పుడొస్తవు బిడ్డా, యాప్‌ల ఆ లెక్క ఇంకోసారి చూడాలె’ అనే మాట వెలువడితే, ఆ బిడ్డ చదువు ఇంటికి చేరినట్లు.