లారీకి గాజు తలుపు

సిగ్నల్ దగ్గర ఆగిన టిప్పర్‌కు ఎడమపక్కన, ఫుట్‌పాత్ వారగా ఒక సైకిల్ వచ్చి ఆగుతుంది. పచ్చదీపం పడగానే లారీ ఎడమకు తిరుగుతుంది. ముందు చక్రాలు మలుపు చుట్టూ వెడల్పుగా పోతాయి. వెనక చక్రాలు ఆ దారిన రావు. లోపలికి కోసుకుంటూ సరిగ్గా సైకిల్ ఉన్న చోటికే వస్తాయి. 2010ల మధ్యలో లండన్ రోడ్ల మీద వాహనాలు తిరిగిన మొత్తం దూరంలో పెద్ద లారీల వాటా సుమారు 4 శాతమే. సైకిల్ మీద వెళ్తూ చనిపోయినవాళ్లలో మాత్రం సగానికి పైగా వాటి కిందే పడ్డారు.

డ్రైవర్ని తిట్టడం తేలిక. అతని సీట్లో కూర్చుంటే సంగతి అర్థమవుతుంది. యూరప్‌లో లారీ పొడవుకు చట్టం హద్దు పెట్టింది. ఇంజిన్‌ను ముందు పెడితే సరుకుకు చోటు తగ్గుతుంది కాబట్టి క్యాబిన్‌ను ఎత్తి ఇంజిన్ మీద కూర్చోబెట్టారు. గుంతల్లో, మట్టిదిబ్బల్లో తిరిగే టిప్పర్ ఇంకా ఎత్తు. డ్రైవర్ కన్ను నేలకు రెండున్నర మీటర్ల దాకా పైన ఉంటుంది. ఎడమ తలుపు రేకుకు దగ్గరగా నిలిచిన సైకిలిస్టు అతని చూపుకు అందడు.

మొదట తోచిన మందు అద్దాలు. తలుపు పక్క నేలను చూపేది ఒకటి, బంపర్ ముందు భాగాన్ని చూపేది ఒకటి 2007 నుంచి యూరప్‌లో కొత్త లారీలకు తప్పనిసరి అయ్యాయి. 2015 సెప్టెంబరులో లండన్ పాత లారీలనూ ఈ అద్దాలు పెట్టుకోమంది. మనిషి చక్రాల మధ్యకు పోకుండా పక్క కడ్డీలు కూడా ఉండాలంది. అవి కావలసినవే. కానీ ఉబ్బెత్తు అద్దంలో మనిషి చిన్నగా, వంకరగా కనిపిస్తాడు. పైగా ఆరు అద్దాలూ చూసి వచ్చేలోగా మొదటిదాంట్లో దృశ్యం మారిపోతుంది. లీడ్స్ విశ్వవిద్యాలయం పరీక్షించి చూస్తే, కిటికీలోంచి కనబడినప్పటి కంటే అద్దంలో కనబడినప్పుడు డ్రైవర్ సగటున 0.7 సెకను ఆలస్యంగా స్పందించాడు. గంటకు 24 కిలోమీటర్ల వేగంతో పోయే లారీ అంతలోనే 4.7 మీటర్లు దాటేస్తుంది.

మన లారీల్లో ఈ పని క్లీనర్ది. ఎడమ కిటికీలోంచి తల బయటపెట్టి, తలుపు మీద చరుస్తూ "పోనీ, పోనీ... ఆపు, ఆపు" అని అరిచే కుర్రాడు డ్రైవర్‌కు రెండో జత కళ్లు. మనమూ రోడ్డుకు ఎడమవైపే నడుపుతాం, డ్రైవర్ కుడివైపే కూర్చుంటాడు. లండన్లో కనబడని మూలే ఇక్కడా కనబడదు. క్లీనర్ లేకుండా ఊళ్లోకి వచ్చే టిప్పర్ని చూస్తే నాకు భయమేస్తుంది.

అసలు పరిష్కారం చెత్త బండ్ల దగ్గర అప్పటికే ఉంది. వాటి సిబ్బంది రోజంతా ఎక్కుతూ దిగుతూ ఉండాలి. వాళ్ల మోకాళ్ల కోసం 1998లో మెర్సిడెస్ ఎకోనిక్ అనే బండి తెచ్చింది. క్యాబిన్‌ను ముందుకు జరిపి కిందికి దించారు. ఒక్క మెట్టెక్కితే సీటు. బస్సుకున్నట్టు పక్కన నిలువెత్తు గాజు తలుపు, ఆ గాజులోంచి సైకిల్ చక్రం దాకా కనిపిస్తుంది.

ఈ చూపును కొలవడానికి లఫ్‌బరో విశ్వవిద్యాలయం డిజైన్ విభాగం లండన్ రవాణా సంస్థకు ఒక పద్ధతి తయారుచేసి ఇచ్చింది. అద్దాల సాయం లేకుండా డ్రైవర్ కన్ను క్యాబిన్ చుట్టూ ఎంత చోటును చూడగలదో కంప్యూటర్లో లెక్కగట్టి, లారీకి సున్నా నుంచి అయిదు దాకా నక్షత్రాలు ఇస్తారు. 12 టన్నులు దాటిన లారీ లండన్లోకి రావాలంటే 2021 మార్చి నుంచి కనీసం ఒక నక్షత్రం ఉండాలి. 2024 అక్టోబరు 28 నుంచి మూడు. లేనివి కెమెరాలు, సెన్సర్లు బిగించుకుని పర్మిట్ తీసుకోవాలి. పర్మిట్ లేకుండా వస్తే 550 పౌండ్ల జరిమానా. రోడ్డు పక్క స్తంభాలకు, ఆగి ఉన్న కార్లకు ఆ సెన్సర్ మోగకూడదన్న షరతూ పెట్టారు. ఇది నాకు బాగా నచ్చింది. అయినదానికీ కానిదానికీ మోగే గంటను డ్రైవర్ నాలుగు రోజుల్లో వినడం మానేస్తాడు.

కెమెరాలకు ఇచ్చిన వెసులుబాటు మాత్రం పాత లారీలు వెళ్లిపోయేదాకానే ఉండాలని నా అభిప్రాయం. తెర కూడా డ్రైవర్ చూసుకోవలసిన ఏడో అద్దమే. యూరోపియన్ యూనియన్ ఆ దిశగానే కదిలింది: డ్రైవర్‌కు నేరుగా కనబడే చోటు కనీసం ఇంత ఉండాలన్న నిబంధన కొత్త నమూనాలకు 2026 జనవరి నుంచి, 2029 జనవరి నుంచి అమ్మే ప్రతి కొత్త లారీకీ వర్తిస్తుంది.