ముద్ర ఉంటే అసలుదేనా?

పాత సైనిక బ్యాడ్జీ చేతికి రాగానే అనుభవమున్న సేకర్త ముందువైపు ఎంతోసేపు చూడడు. గబుక్కున వెనక్కి తిప్పుతాడు. ముందువైపున ఉండే సింహాలు, కిరీటాలు, రెజిమెంట్ల పేర్లు నకిలీలు చేసేవాళ్లకు కొట్టిన పిండి. బ్యాడ్జీ ఎప్పుడు, ఎలా తయారైందో చెప్పే ఆనవాళ్లు మాత్రం వెనకే ఎక్కువ. వాటిలో అందరి కన్నూ ముందుగా పడేది తయారీదారు ముద్ర మీద. ‘జె.ఆర్. గాంట్, లండన్’ అన్న బుల్లి అక్షరాలు కనిపిస్తే చాలు, ధర పెంచేసే అమ్మకందారులున్నారు. అడిగినంతా ఇచ్చేసే కొనుగోలుదారులూ ఉన్నారు.

ఆ ముద్రకు నిజంగా అంత విలువుందా? ఉంది. కాకపోతే అన్ని బ్యాడ్జీల మీదా కాదు.

బ్రిటిష్ సైన్యాన్నే తీసుకుందాం. టోపీ మీద రెజిమెంటు బ్యాడ్జీ పెట్టుకోవడం అక్కడ 19వ శతాబ్దం చివర్లో స్థిరపడింది. మొదటి ప్రపంచ యుద్ధం నాటికి వాటిని లక్షల్లో తయారు చేయాల్సి వచ్చింది. ఈ పనికి బర్మింగ్‌హామ్ పెట్టింది పేరు. ముద్రలో లండన్ అని ఉన్నా గాంట్ కంపెనీ ఆ ఊరిదే. లండన్‌లోని ఫర్మిన్ కంపెనీ చరిత్ర అయితే 17వ శతాబ్దం దాకా వెళుతుంది. ఇంతింత పేరున్న కంపెనీలున్నా, ఆ యుద్ధంలో మామూలు సిపాయిలు పెట్టుకున్న బ్యాడ్జీల్లో చాలావాటి మీద ఏ పేరూ ఉండదు. కాబట్టి ముద్ర లేదన్న ఒక్క కారణంతో బ్యాడ్జీని పక్కన పడేస్తే మంచి సరుకును చేజేతులా వదులుకున్నట్టే.

ముద్ర ఉన్నవాటితో వచ్చే చిక్కు వేరు. గాంట్ కంపెనీ 1973లో బర్మింగ్‌హామ్ మింట్ చేతికి వెళ్లింది. పాత అచ్చులు పోలేదు. వాటితోనే సేకర్తల కోసం మళ్లీ బ్యాడ్జీలు కొట్టారు. వాటి అచ్చు అసలుదే, పేరూ అసలుదే. బ్యాడ్జీ మాత్రం ఏ సైనికుడి టోపీ మీదకూ ఎక్కలేదు. ఇక పూర్తిగా నకిలీలు చేసేవాళ్ల సంగతి చెప్పనక్కర్లేదు. బ్యాడ్జీ అంతటికీ కొత్త అచ్చు చెక్కడం కష్టం గానీ, వెనకాల ఒక పేరు గుద్దడం ఎంత పని?

వెండి దగ్గరికొస్తే లెక్క మారుతుంది. బ్రిటన్‌లో వెండి వస్తువుల మీద ఉండే హాల్‌మార్క్ తయారీదారు సొంతంగా వేసుకునేది కాదు. అధికారిక పరీక్షశాల లోహాన్ని పరీక్షించి వేసేది. మన నగల మీది బీఐఎస్ గుర్తుకు ఉన్నట్టే దాని వెనకా చట్టం ఉంది. లంగరు బొమ్మ ఉంటే బర్మింగ్‌హామ్ పరీక్షశాలది. పక్కనుండే అక్షరం ఏ సంవత్సరంలో పరీక్షించారో చెబుతుంది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు వైమానిక దాడుల రక్షణ దళం వాలంటీర్లకు ఇచ్చిన ‘ఏఆర్‌పీ’ వెండి బ్యాడ్జీలు ఇందుకు మంచి ఉదాహరణ. వాటి మీద లండన్ పరీక్షశాల అక్షరాలుంటాయి. 1936కు ఏ, 1937కు బి, 1938కు సి, 1939కు డి. ఆ తర్వాత వెండి మానేసి చౌక లోహంతో చేశారు. చిన్న భూతద్దం ఉంటే ఏ ఏటిదో నిమిషంలో తేలిపోతుంది.

జర్మనీ బ్యాడ్జీలు, పతకాల దగ్గర ముద్రే తగువులకు మూలం. అక్కడి తయారీదారుల సంఘం 1941లో ‘ఎల్’ అక్షరంతో మొదలయ్యే సంకేత సంఖ్యలు ఇచ్చింది. కాబట్టి అలాంటి సంఖ్య ఉన్న బ్యాడ్జీని 1939 నాటిదని ఎవరైనా అమ్మజూపితే నమ్మనక్కర్లేదు. అయితే తేదీ కుదిరినంత మాత్రాన బేరం కుదుర్చుకోకూడదు. వియన్నాకు చెందిన రుడాల్ఫ్ సౌవాల్ కంపెనీ సంఖ్య ఎల్/58. ఆ కంపెనీ యుద్ధం ముగిశాక కూడా పాత నమూనాలు తయారు చేస్తూనే వచ్చింది. పశ్చిమ జర్మనీ 1957లో ఒక చట్టం చేసి, స్వస్తిక్ తీసేసిన రూపంలో యుద్ధకాలపు పతకాలు ధరించడానికి అనుమతిచ్చింది. వాటిని చేసినవాళ్లలో యుద్ధకాలంలో అసలైనవి చేసిన కంపెనీలూ ఉన్నాయి.

అందుకే ఆరితేరినవాళ్లు ముద్రను ఒక సాక్షిగా మాత్రమే తీసుకుంటారు. ఆ సాక్ష్యం మిగతావాటితో పొసగాలి. మొదట లోహం. 1916లో యుద్ధ పొదుపు కోసం, రెండు లోహాలతో చేసే చాలా బ్యాడ్జీలను ఒట్టి ఇత్తడితో కొట్టారు. రెండో యుద్ధంలో లోహానికి కటకట వచ్చి ప్లాస్టిక్ బ్యాడ్జీలు వచ్చాయి. వాల్సాల్‌లోని ఎ. స్టాన్లీ అండ్ సన్స్ పేరు వాటి వెనక కనిపిస్తుంది. మెరిసే అల్యూమినియం 1950లలో వచ్చింది. మరి గాంట్ ముద్ర ఉన్న అల్యూమినియం బ్యాడ్జీని మొదటి యుద్ధం నాటిదంటే ఏమనుకోవాలి?

తర్వాత కిరీటం. 1901 నుంచి 1952 వరకు రాజుల కాలంలో కిరీటం పైభాగం గుండ్రంగా ఉంటుంది. ఎలిజబెత్ రాణి కాలం నాటి కిరీటం మధ్యలో నొక్కినట్టుంటుంది. ఈ ఒక్క గుర్తు ఎన్నో ఏళ్లుగా కొనేవాళ్లను కాపాడింది. 2022లో ఛార్లెస్ రాజయ్యాక మళ్లీ గుండ్రటి కిరీటమే వచ్చింది కాబట్టి ఇకమీదట అదొక్కటే చూసి తేల్చడం కుదరదు.

చివరగా వీపు. అచ్చు మీద కొట్టిన బ్యాడ్జీ అయితే ముందున్న బొమ్మ వెనక గుంటలుగా దిగి కనిపిస్తుంది. సింహం జూలు వెంట్రుకలు, అక్షరాల అంచులు కోసినట్టుంటాయి. పోత పోసినదైతే వీపు చదునుగా, సూది గుచ్చినట్టు చిన్న చిన్న రంధ్రాలతో ఉంటుంది. ముందున్న బొమ్మ కరిగినట్టు మెత్తబడి కనిపిస్తుంది. నకిలీల్లో ఇలాంటివి చాలా ఉంటాయి.

అయితే పోత పోసిందల్లా నకిలీ కాదు. బ్రిటిష్ కాలంలో మన దేశంలో ఉన్న పటాలాలకు ఇంగ్లండ్ నుంచి బ్యాడ్జీలు అందకపోతే స్థానిక బజార్లలో పోత పోయించుకునేవారు. సైనికులు నిజంగా పెట్టుకుని అరగదీసిన ఆ ముతక బ్యాడ్జీలకు తయారీదారు ముద్ర ఉండదు. అయినా వాటి కోసం వెతికేవాళ్లున్నారు.

కొన్నిసార్లు రెజిమెంటు పేరే కాలాన్ని పట్టిస్తుంది. నిజాం కాలపు హైదరాబాద్ కాంటింజెంట్ వారసత్వంతో వచ్చిన దళాలు 1922లో 19వ హైదరాబాద్ రెజిమెంట్ అయ్యాయి. 1945 అక్టోబరు 27న దాని పేరు కుమావ్ రెజిమెంట్‌గా మారింది. ‘19 హైదరాబాద్’ అని ఉన్న బ్యాడ్జీ ఆ 23 ఏళ్లదే అయ్యుండాలి. అంతకన్నా పాతదని చెప్పి అమ్మేవాడి మాట వినక్కర్లేదు.

మరికొన్నిటికి సంఖ్యే ప్రాణం. గాయాల వల్లో జబ్బు వల్లో సైన్యం వదిలినవారికి బ్రిటన్ 1916 నుంచి ఇచ్చిన వెండి బ్యాడ్జీ వెనక ఒక సంఖ్య ఉంటుంది. దాని ఆధారంగా రికార్డుల్లో ఆ సైనికుడి పేరు వెతకవచ్చు. ఎవరు తయారు చేశారన్నది దాని ముందు దిగదుడుపే.

కొత్తగా సేకరణ మొదలుపెట్టేవాళ్లు హాల్‌మార్క్‌ను, వరుస సంఖ్యను నమ్మవచ్చు. కంపెనీ పేరు ఒక్కదానికే అదనపు డబ్బు పెట్టనక్కర్లేదు. లోహం, కిరీటం, వీపు చూశాకే పేరు చదవాలి. ఇంట్లో తాతగారి బ్యాడ్జీ ఉంటే చింతపండు పెట్టి తోమకండి. ఆ తోముడుకి పాత మెరుగూ పోతుంది, ముద్ర అక్షరాలూ అరిగిపోతాయి. ఆయన సర్వీసు కాగితాలు, ఫొటో ఉంటే బ్యాడ్జీతో పాటే దాచండి. వందేళ్లు దాటిన చారిత్రక వస్తువులను 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపకూడదు. విదేశీ కొనుగోలుదారు మంచి ధర ఇస్తానన్నా ఈ సంగతి గుర్తుంచుకోండి.