ఊరి లెక్కల్లో మన గొంతు

మసాచుసెట్స్‌లో ఇల్లు కొన్న తెలుగువాళ్ళకు స్కూళ్ళ రేటింగులు కంఠతా వచ్చు. ఇంటి రుణం వడ్డీ దశాంశాలతో సహా చెబుతారు. అదే ఊరి బడ్జెట్ ఎంత, దాన్ని ఖాయం చేసేది ఎవరు అని అడిగితే చాలామంది తల గోక్కుంటారు. ఏటా ఎనిమిది, పది వేల డాలర్ల ఇంటి పన్ను కడుతూ, ఆ డబ్బు ఎటు పోవాలో తేల్చే చోట మాత్రం మనం కనిపించం.

ఇప్పుడిప్పుడే ఇది మారుతోంది. బోస్టన్‌కు పడమటి వైపు ఊళ్ళలో స్కూల్ కమిటీలకు, టౌన్ మీటింగ్‌కు, సెలెక్ట్ బోర్డులకు మనవాళ్ళు నామినేషన్ కాగితాలు తీసుకుంటున్నారు. నేను కూడా మా ఊళ్ళో టౌన్ మీటింగ్ సభ్యత్వానికి నిలబడి గెలిచాను. ఆ అనుభవంతో చెబుతున్నాను. పోటీ చేయాలనుకునేవాళ్ళు ముందు నేర్చుకోవలసింది ప్రసంగం కాదు, లెక్క.

రెండున్నర శాతం గీత

ఇక్కడి ఊళ్ళ జమాఖర్చులన్నీ ఒక చట్టం చుట్టూ తిరుగుతాయి. 1980లో రాష్ట్ర ఓటర్లు ఆమోదించిన ఆ చట్టాన్ని ‘ప్రపోజిషన్ రెండున్నర’ అంటారు. ఊరు మొత్తం మీద వసూలు చేయగల ఆస్తి పన్ను పరిమితి ఏడాదికి రెండున్నర శాతమే పెరుగుతుంది. కొత్తగా కట్టిన ఇళ్ళు, దుకాణాల మీద వచ్చే పన్ను దానికి అదనం.

చాలామంది ఈ గీత తమ బిల్లుకు గీసిందనుకుంటారు. కాదు, అది ఊరి మొత్తం వసూలుకు గీసింది. మీ వీధిలో ఇళ్ళ విలువ మిగతా ఊరి కన్నా వేగంగా పెరిగితే మీ బిల్లు ఐదారు శాతం పెరిగినా చట్టం అడ్డు రాదు.

చిక్కంతా ఖర్చు వైపు ఉంది. ఉద్యోగుల జీతాలు, ఆరోగ్య బీమా, పెన్షన్లు, ప్రత్యేక అవసరాలున్న పిల్లల చదువు, ఇవేవీ రెండున్నర దగ్గర ఆగవు. ఆ తేడా ఏటికేడు పేరుకుని చివరికి రెండే దారులు మిగులుతాయి. ఒకటి కోత, రెండోది ‘ఓవర్‌రైడ్’. అంటే, గీత దాటి పన్ను వేయవచ్చా అని ఓటర్లనే అడగడం.

ఒక లెక్క చూద్దాం. మీ ఇంటి విలువ 7 లక్షల డాలర్లు, పన్ను రేటు వెయ్యికి 12 డాలర్లు అనుకుంటే బిల్లు 8,400. ఓవర్‌రైడ్ వల్ల రేటు వెయ్యికి 60 సెంట్లు పెరిగితే ఏడాదికి మరో 420, అంటే నెలకు 35 డాలర్లు. పెద్ద మొత్తంగా అనిపించదు. కానీ ఓవర్‌రైడ్ ఒక్క ఏడాదితో పోదు. అది పరిమితిలో శాశ్వతంగా కలిసిపోయి, మరుసటి ఏడు నుంచి దాని మీద కూడా రెండున్నర శాతం లెక్క కడతారు. కొత్త బడి భవనానికో, ఫైర్ స్టేషన్‌కో తెచ్చిన అప్పు కోసం వేసే ‘డెట్ ఎక్స్‌క్లూజన్’ వేరు. అప్పు తీరగానే ఆ పన్ను కూడా తొలగిపోతుంది. ఈ రెండింటి తేడా చెప్పలేని అభ్యర్థిని మొదటి గుమ్మంలోనే పట్టేస్తారు.

‘దుబారా తగ్గిస్తాం’

ప్రచారంలో అందరికీ నచ్చే మాట ఇది. చెప్పేవాడికి వినేవాడు లోకువ. బడ్జెట్ పుస్తకం తెరిచి చూడండి. మన శివారు ఊళ్ళలో సాధారణంగా సగం పైచిలుకు బడులకే పోతుంది. యూనియన్లతో కుదిరిన ఒప్పందాలు, పెన్షన్ వాటా, పాత అప్పుల వాయిదాలు ముందే ఖాయమై ఉంటాయి. కత్తెర పెట్టడానికి మిగిలేది లైబ్రరీ వేళలు, వృద్ధుల కేంద్రం, రోడ్ల మరమ్మతులు, బడిలో సంగీతం, క్రీడలు, ఒక్కో తరగతిలో పిల్లల సంఖ్య లాంటివే. పన్ను తగ్గిస్తానన్నవాళ్ళు వీటిలో ఏది తగ్గిస్తారో చెప్పాలి. బడిని కాపాడతానన్నవాళ్ళు ఎవరి బిల్లు ఎంత పెరుగుతుందో చెప్పాలి. ఈ రెండూ దాచి అడిగే ఓటు నిజాయతీగల ఓటు కాదు.

ఇంటింటికీ తిరుగుతున్నప్పుడు ఒక పెద్దాయన గుమ్మంలో నిలబెట్టి అడిగారు: “మీ పిల్లల చదువు అయిపోయాక కూడా ఈ ఊళ్ళో ఉంటారా? నేను ఉంటాను, పెన్షన్ మీద.” ఆ ప్రశ్న మనందరికీ వర్తిస్తుంది. మంచి బడి కోసం వచ్చి, చిన్నవాడు కాలేజీకి వెళ్ళగానే ఇల్లు అమ్మేవాళ్ళు మనలో తక్కువేం కాదు. ఉండిపోయేవాళ్ళు పదిహేనేళ్ళ తర్వాత ఆ పెద్దాయన స్థానంలోనే ఉంటారు. అందుకే ఓవర్‌రైడ్‌కు చెయ్యెత్తే అభ్యర్థి వృద్ధుల సంగతి కూడా మాట్లాడాలి. ఊరికి కొన్ని గంటలు పనిచేసి ఏడాదికి 2,000 డాలర్ల దాకా ఇంటి పన్ను తగ్గించుకునే పథకాన్ని పెట్టుకోవడానికి రాష్ట్ర చట్టం ఊళ్ళకు వీలిస్తుంది. 65 ఏళ్ళు దాటి, ఆదాయం పరిమితికి లోబడినవారికి రాష్ట్ర ఆదాయపు పన్నులో ‘సర్క్యూట్ బ్రేకర్’ అనే రాయితీ ఉంది. వీటి సంగతి తెలియని వృద్ధులు ఎందరో గుమ్మాల దగ్గర కనిపిస్తారు. ఆ సమాచారం చెప్పి రావడం కూడా ప్రచారమే.

ఉగాది వేడుకలో ఓట్లుండవు

తెలుగు సంఘం వేడుకకు వచ్చే వెయ్యి మంది ఇరవై ఊళ్ళవాళ్ళు. మీ ఊరి ఓటర్లు అందులో యాభై మంది ఉంటే గొప్ప. పైగా ‘మనవాడు కాబట్టి వేయండి’ అనే మాట ఒక్క ఎన్నికకే పనికొస్తుంది. మంచు తీసే బండి ఆలస్యమైందని ఫోన్ చేసేవారు మీ భాష చూడరు.

పోటీకి అమెరికా పౌరసత్వం, ఆ ఊళ్ళో ఓటు నమోదు తప్పనిసరి. నామినేషన్ కాగితాలు టౌన్ క్లర్క్ ఇస్తారు. సెలెక్ట్ బోర్డు లాంటి పదవికి మామూలుగా 50 మంది ఓటర్ల సంతకాలు చాలు. ఊరి ఎన్నికలు ఎక్కువగా వసంతంలో, అధ్యక్ష ఎన్నికల హడావుడి లేనప్పుడు జరుగుతాయి. ఓటేసేవాళ్ళు తక్కువ కాబట్టి వంద ఓట్లతో ఫలితం తారుమారవుతుంది.

హెచ్1బీ, గ్రీన్‌కార్డు మీద ఉన్నవారికి ఓటు లేదు. కానీ బిల్లు మాత్రం అందరికీ ఒకటే, అద్దెకుండేవారు కూడా అద్దె రూపంలో దాన్ని మోస్తున్నారు. సెలెక్ట్ బోర్డు, ఫైనాన్స్ కమిటీ సమావేశాలకు ఎవరైనా వెళ్ళి వినవచ్చు. సెలవులు, వారాంతాలు పోను కనీసం 48 గంటల ముందు సమావేశం నోటీసు పెట్టాలని చట్టం చెబుతోంది. బహిరంగ విచారణల్లో అడిగిన మంచి ప్రశ్న ఒక్కోసారి ఓటు కన్నా ఎక్కువ పని చేస్తుంది.

మన పల్లెల్లో గ్రామసభ తెలిసినవారికి ఇక్కడి ఓపెన్ టౌన్ మీటింగ్ కొత్తగా అనిపించదు. నమోదైన ప్రతి ఓటరూ వెళ్ళి బడ్జెట్ మీద చెయ్యెత్తవచ్చు. పెద్ద ఊళ్ళలో ఆ పని ఎన్నికైన సభ్యులు చేస్తారు.

ఇక్కడి ఊళ్ళకు ఆర్థిక సంవత్సరం జూలై 1న మొదలవుతుంది. అసలు బేరసారాలు మాత్రం చలికాలంలోనే, దాదాపు సంక్రాంతికీ ఉగాదికీ మధ్య నడుస్తాయి. మే నెలలో బిల్లు చూసి గొణుక్కునే బదులు, వచ్చే జనవరిలో ఒక సాయంత్రం ఫైనాన్స్ కమిటీ గదిలో వెనక కుర్చీలో కూర్చోండి. ఖాళీ కుర్చీలు బోలెడు ఉంటాయి.