తుప్పు క్రింది చరిత్ర

నీటికి రెండు గుణములు కలవు. అనంతగిరి కొండలలోని బొర్రా గుహలలో అది సున్నపురాతిని కరగించి, ఆ కరిగినదానినే చుక్కచుక్కగా జారవిడిచి, వేల సంవత్సరములలో స్తంభములను, శివలింగమువంటి రూపములను నిలబెట్టినది. గుహకు వెలుపల, ఏ ఇంటి వసారాలోనో మూలబడిన యంత్రముపై అదే నీరు చేరినచో కొలది సంవత్సరములలోనే ఇనుమును పొడిచేయును. వానయు మంచును మెండుగా గల ఈ కొండసీమలో పాత మోటారు సైకిలును కాపాడుకొనదలచిన వానికి మొదటి శత్రువు తుప్పే. కాని రెండవ శత్రువు ఒకటి కలదు. అది అతని తొందర.

‘కొత్త ఒక వింత, పాత ఒక రోత’ అని లోకోక్తి. పాత ఇనుము కొనువాడు త్రాసుతో సిద్ధముగనే ఉండును. అయినను ముత్తాతలనాటి బండ్లను ఇంటివద్దనే విప్పి, తుడిచి, మరల నడిపించుచున్నవారు నేడు పలుచోట్ల కలరు. దీనిని వట్టి వేడుక యనుకొనరాదు. తగిన రీతిని చేసినచో ఇది చరిత్ర పరిశోధన. తగని రీతిని చేసినచో చరిత్రను చేజేతుల చెరుపుకొనుట.

మన ప్రాంతమున ఇట్టి బండ్లలో తరచుగా కానవచ్చునది బుల్లెట్. ఇంగ్లండులోని రెడిచ్ పట్టణమున రాయల్ ఎన్‌ఫీల్డు సంస్థ 1932లో ఈ పేరును తన బండికి పెట్టినది. 1955లో ఆ సంస్థయు మద్రాస్ మోటార్సును కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియాను నెలకొల్పగా, మద్రాసు చెంతనున్న తిరువొత్తియూరులో బుల్లెట్ తయారీ సాగినది. తొలుత సీమనుండి వచ్చిన భాగములను ఇక్కడ కూర్చెడివారు. క్రమముగా ఆ భాగములనే ఇక్కడ చేయనేర్చిరి. 1970 నాటికి ఇంగ్లండులోని తయారీ ముగిసినది. మద్రాసు బండి మాత్రము ఆగలేదు. 1961 ప్రాంతమున మైసూరులో జావా బండ్ల తయారీయు మొదలై 1996 వరకు నడచినది. స్వాతంత్ర్యము వచ్చిన తొలినాళ్లలో మనదేశము యంత్రవిద్యను అభ్యసించిన పాఠ్యపుస్తకములు ఈ బండ్లు. పుస్తకమునకు అట్ట మార్చవచ్చును, పుటలను చింపరాదు.

కనుక పానా చేతబట్టుటకు ముందు కలము చేతబట్టవలెను. బండిని అన్ని వైపులనుండి ఛాయాచిత్రములు తీయవలెను. ఏ తీగ ఎచటికి పోవుచున్నదో, ఏ వాషరు ఏ నట్టు క్రింద ఉన్నదో వ్రాసికొనవలెను. విప్పిన ప్రతి భాగమును చీటీ కట్టిన డబ్బాలో వేయవలెను. ఇంజనుమీదను, చట్రముమీదను కొట్టిన అంకెలను ఆర్‌సి పుస్తకముతో సరిపోల్చి చూడవలెను. ఆ అంకెలు బండికి జన్మపత్రికవంటివి, వానిని ఆకురాతికి ఎరచేయరాదు. విప్పుట ఒక దినపు పని. మరల కూర్చుట ఒక ఏటి పని. ఆ మధ్యకాలమున జ్ఞాపకము మోసపుచ్చును, వ్రాత మోసపుచ్చదు.

పానాల విషయమునను జాగ్రత్త అవసరము. ఆ నాటి ఆంగ్లేయ పద్ధతి బండ్ల మరలు నేటి మిల్లీమీటరు కొలతలకు లొంగవు. విట్‌వర్త్ కొలత గల నట్టుకు దాదాపుగా సరిపోవు మరియొక పానా తగిలించి బలము చూపినచో నట్టు మూలలు అరిగి గుండ్రనగును. పట్టిన మరకు కందెన నూనె పోసి రేయంత ఉంచుట ఉత్తమము.

తుప్పు వదలించుటలో పాఠశాల ప్రయోగశాలకు తగిన పద్ధతి ఒకటి కలదు. చాకలి సోడా కలిపిన నీటిలో తుప్పుపట్టిన చిన్న భాగమును వ్రేలాడదీసి, దానిని బ్యాటరీ ఛార్జరు ఋణధ్రువమునకును, ఒక పాత ఇనుప ముక్కను ధనధ్రువమునకును తగిలించినచో కొన్ని గంటలలో తుప్పు వదులై, మంచి ఇనుము నిలుచును. అయితే ఇందు హైడ్రోజను వెలువడును గనుక ఈ పని ఆరుబయట, నిప్పునకు దూరముగ, పెద్దల సమక్షమున జరుగవలెను. ఇనుప ముక్కకు బదులు స్టెయిన్‌లెస్ స్టీలు వాడినచో విషపూరితమైన క్రోమియము లవణములు పుట్టును. పెట్రోలు ట్యాంకును ఈ ప్రయోగమునకు తేరాదు. పాత బ్రేకు లైనింగులలో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చును గనుక ఆ ధూళిని ఊదరాదు, తడిగుడ్డతో తుడువవలెను.

బుల్లెట్ ఇంజను 346 ఘన సెంటీమీటర్లది. సిలిండరు వ్యాసము 70 మిల్లీమీటర్లు, పిస్టను ప్రయాణము 90 మిల్లీమీటర్లు. దీనిని నడిపించుటకు బలముకన్న బుద్ధి ముఖ్యము. కాయిల్ ఇగ్నిషను గల బండిలో తాళము త్రిప్పి, కిక్కును మెల్లగా నొక్కుచు ఆమ్మీటరు ముల్లును చూడవలెను. పిస్టను పైకొసకు చేరి కాంటాక్టు పాయింట్లు విడివడగానే ముల్లు నడిమికి వచ్చును. అప్పుడు డీకంప్రెసరు మీట పట్టి, పిస్టనును కొంచెము దాటించి, మీట వదలి కిక్కు కొట్టవలెను. ఈ క్రమము తెలియనివాని కాలును కిక్కు వెనుకకు తన్నును; తెలిసినవానికి బక్కపలుచని దేహమైనను చాలును. చూషణము, సంపీడనము, జ్వలనము, నిర్గమనము అని బల్లమీద వ్రాసిన నాలుగు మాటలు ఇచట పాదమునకే తెలియును.

సిలిండరు బోరు చేయించి కొత్త పిస్టను వేసిన బండిని వెంటనే కొండ ఎక్కింపరాదు. కొన్ని వందల మైళ్లు మైదానమున మెల్లగా నడిపి, భాగములు ఒకదానితో ఒకటి పొందికపడిన పిమ్మటనే శృంగవరపుకోట దాటి బొర్రా దారి పట్టవలెను. ఆ ఘాటురోడ్డు మంచి పరీక్షాధికారి. మలుపులలో వేగము చాలదు. తగినంత గాలి తగులక ఇంజను వేడెక్కును. వెయ్యి మీటర్ల ఎత్తున గాలి సాంద్రత సముద్రతీరముకన్న సుమారు పదవవంతు తక్కువగుటచే పెట్రోలు పాలు మిక్కుటమై బండి బలము తగ్గును. దిగునప్పుడు బ్రేకునే నమ్మినచో డ్రమ్ము కాగి పట్టు సడలును. ఎక్కిన గేరులోనే దిగవలెనను పాతతరము మాట ఇందుకే పుట్టినది. ఇంటివద్ద చేసిన పని నిజాయితీ ఎంతటిదో ఈ కొండ తేల్చిచెప్పును.

ఇక రంగు మాట. చాలమంది తప్పటడుగు వేయునది ఇచటనే. మద్రాసు ట్యాంకులమీది బంగారు గీతలను ఎన్నో ఏండ్లు పనివారు కుంచెతో, చేతితోనే గీసిరి. ఆ గీతలో ఒక మనిషి ఊపిరి బిగబట్టిన క్షణము ఉన్నది. కొంత వెలసినదని దానిని గీకివేసి తళతళలాడు కొత్త రంగు పూసినచో బండి కొత్తదగునేమో కాని, పాతదిగా మిగులదు. రంగు ఇనుమును కాపాడుచున్నంత మేర దానిని కడిగి, మైనము పట్టించి విడుచుటయే మేలు. తుప్పు తిన్నచోట మాత్రమే చేయి పెట్టవలెను.

ప్రభుత్వమును ఈ సూత్రమునే గుర్తించినది. 2021 జూలైలో వెలువడిన కేంద్ర మోటారు వాహనముల నిబంధనల ప్రకారము 50 సంవత్సరములు దాటి, చట్రమునందు గాని ఇంజనునందు గాని పెద్దమార్పు చెందక మూలరూపమున నిలిచిన బండియే పురాతన వాహనమనిపించుకొనును. దానికి ‘వీఏ’ అక్షరములు గల ప్రత్యేక సంఖ్య లభించును. కొత్త నమోదుకు 20,000 రూపాయలు, పది సంవత్సరముల పిమ్మట మరల నమోదుకు 5,000 రూపాయలు రుసుముగా నిర్ణయించిరి. అట్లు నమోదైన బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, సాంకేతిక పరిశోధనకు, మరమ్మతుకు తీసికొనిపోవచ్చును గాని నిత్యమైన రాకపోకలకు వాడరాదు. కావున కొండదారి కోరువారు తమ బండికి మామూలు రిజిస్ట్రేషను చెల్లుబడిలో ఉన్నదో లేదో ముందే చూచుకొనవలెను.

మన విద్యాలయములలో చరిత్ర ఒక గదిలో, భౌతికశాస్త్రము మరియొక గదిలో, రసాయనశాస్త్రము వేరొక గదిలో బోధింపబడుచున్నవి. పాత మోటారు సైకిలు ముందు కూర్చున్న విద్యార్థికి ఈ మూడును ఒక్క చాపమీదనే లభించును. వీనికి తోడు ఏ పుస్తకమును నేర్పలేని నాలుగవ విద్య ఒకటి లభించును. ఏది మార్చవలెనో తెలిసికొనుట పనితనము. ఏది మార్చరాదో తెలిసికొనుట సంస్కారము.