పురిటికొచ్చే అమ్మాయికి పాత రంగుల బెడద

కూతురు పురిటికి వస్తోందంటే పుట్టింట్లో హడావుడి ఇంతా అంతా కాదు. గోడలకు సున్నం, తలుపులకూ కిటికీలకూ కొత్త రంగు! ముచ్చటే, కాదనం. అయితే కొత్త రంగు వేసేముందు పాతదాన్ని ఉప్పుకాగితంతో గీకి పారేస్తారు చూశారూ, అక్కడే ఉంది చిక్కు. పాత ఆయిల్ పెయింట్లలో సీసం చాలా ఎక్కువగా ఉండొచ్చు. ఇళ్ల రంగుల్లో సీసం పదిలక్షల పాళ్లకు 90 పాళ్లు మించకూడదన్న నిబంధన మనదేశంలో అమల్లోకొచ్చింది 2017 నవంబరులోనే. అంతకు ముందు వేసిన పొరలు తలుపుల మీద అలాగే ఉన్నాయి.

గీకినప్పుడు లేచే దుమ్ము ఊపిరితో పాటు లోపలికి పోతుంది. తల్లి రక్తంలో చేరిన సీసాన్ని మావి ఆపలేదు. గర్భస్రావం, నెలలు నిండకుండానే కాన్పు, బిడ్డ బరువు తగ్గడం, తల్లికి బీపీ పెరగడం... ఇవన్నీ దాని వల్ల రావచ్చు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఒంట్లో చేరిన సీసం ఎముకల్లో ఏళ్ల తరబడి దాక్కుంటుంది. గర్భంతో ఉన్నప్పుడు తిండిలో కాల్షియం చాలకపోతే శరీరం ఎముకల్లోంచి లాక్కుంటుంది. దాంతోపాటు సీసమూ బయటికొస్తుంది! అందుకే పాలు, పెరుగు, రాగిజావ మానొద్దు. రక్తహీనత ఉంటే సీసం మరింతగా ఒంటబడుతుంది కనుక డాక్టరిచ్చిన ఐరన్ మాత్రలు ‘వికారంగా ఉంది’ అని అటకెక్కించకండి.

ఇక పుట్టే బిడ్డ సంగతి. మింగిన సీసాన్ని పసివాళ్ల ఒళ్లు పెద్దవాళ్లకంటే నాలుగైదు రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుంది. పాకే వయసులో నేలమీది దుమ్మంతా చేతుల్లోంచి నోట్లోకే కదా! పైకి ఏ జబ్బూ కనిపించదు. తీరా బడికెళ్లాక చదువులో వెనకబడటం, నిలకడ లేకపోవడం బయటపడతాయి. అప్పటికి జరిగిన నష్టాన్ని పూడ్చడం కష్టం.

మరేం చేయాలి? రంగు పెచ్చులూడకుండా బాగానే ఉంటే గీకొద్దు. తలుపు కొన్నాళ్లు పాతగా కనిపిస్తే కొంప మునగదు. తప్పదనుకుంటే అమ్మాయి రాకముందే పని ముగించాలి. తడిపి గీకమనండి. చీపురుతో ఊడ్చకుండా తడిగుడ్డతో రెండు మూడుసార్లు తుడవండి. పసిపాప కళ్లకు దుకాణంలో కొన్న సుర్మా పెట్టొద్దు, దాన్లోనూ సీసం ఉండొచ్చు. మరీ నిగనిగలాడే పసుపునూ నమ్మకండి. రంగు కోసం లెడ్ క్రోమేట్ కలిపే వ్యాపారులున్నారు.

మీ ఇంట్లో ఎవరైనా బ్యాటరీల పని చేస్తుంటే, ఆ బట్టలతో బిడ్డను ఎత్తుకోనీయకండి. వాటిని విడిగా ఉతకండి. గర్భిణికి రక్తంలో సీసం పరీక్ష అవసరమేమో డాక్టర్ని అడగండి.