ఎయిర్ ఫ్రయర్ కొనేముందు వంటింట్లో ప్లగ్ చూసుకోండి

నర్సీపట్నం నుంచి మాట్లాడుతున్నాను. ఇవాళ ఎయిర్ ఫ్రయర్ గురించి. పండగ ఆఫర్లు మొదలైతే ఫోన్ తెరిచినప్పుడల్లా ఇదే కనిపిస్తుంది. "నాన్నకి డాక్టర్ నూనె తగ్గించమన్నారు, ఒకటి కొనేయనా?" అని నన్ను అడిగేవాళ్ళు చాలామంది. కొనొద్దని నేను చెప్పను. అది ఏం చేస్తుందో, ఏం చెయ్యలేదో తెలుసుకుని కొనమంటాను.

పేరులో ఫ్రయర్ ఉంది గానీ అది వేయించదండి. 2010లో ఫిలిప్స్ కంపెనీ బెర్లిన్ ప్రదర్శనలో దీన్ని బయటపెట్టి ఆ పేరు పెట్టింది, అదే నిలిచిపోయింది. లోపల పైభాగంలో ఒక కాయిల్, ఒక ఫ్యాన్ ఉంటాయి. కాయిల్ వేడెక్కితే ఫ్యాన్ ఆ వేడిగాలిని బుట్టలో ముక్కల చుట్టూ జోరుగా తిప్పుతుంది. ముక్క పైన తడి ఆరిపోయి, ఎర్రబడి, కరకరలాడుతుంది. అంటే ఇదొక చిన్న ఓవెన్, ఫ్యాన్ కొంచెం గట్టిది. అంతే.

ఇది అర్థమైతే మిరపకాయ బజ్జీ ఎందుకు రాదో కూడా అర్థమవుతుంది. జారుడు పిండి కాగిన నూనెలో పడగానే చుట్టూ ఒక్కసారే వేడి తగిలి క్షణాల్లో గట్టిపడుతుంది. గాలి అంత తొందరగా వేడి అందించలేదు. ఈలోపు పిండి బుట్ట కన్నాల్లోంచి కిందకి కారిపోతుంది, మిరపకాయ బోడిగా మిగులుతుంది. పునుగులు, గారెలు, పకోడీ కూడా ఇదే కథ. వాటి కోసమే కొంటున్నారా? డబ్బులు ఉంచుకోండి, బజ్జీ బండి దగ్గర నెలకోసారి తినండి.

ఇది పనికొచ్చేది మన వేపుళ్ళకి. బెండకాయ, కాకరకాయ, కంద, అరటికాయ, చేప, చికెన్. అర కిలో బెండకాయకి మూకుడులో మూడు నాలుగు స్పూన్ల నూనె పోస్తాం కదా, ఇక్కడ ఒకటి చాలు. హైదరాబాద్‌లో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం 2000 కేలరీల భోజనంలో రోజుకి నూనె, కొవ్వు కలిపి 27 గ్రాములు. ఒక టీస్పూన్ నూనె అటూఇటూగా 5 గ్రాములు అనుకుంటే, పోపుతో, కూరతో ఎంత అయిపోతోందో మీరే లెక్కేసుకోండి. వేపుడులో రెండు మూడు స్పూన్లు తగ్గడం చిన్న విషయమేం కాదు. కానీ నూనె లేదు కదా అని డబ్బా నిండా బంగాళాదుంప ముక్కలు తింటే నాన్న సుగర్‌కి అది లాభం కాదు.

ఇప్పుడు అసలు సంగతి, యాడ్‌లో చెప్పనిది. ప్లగ్. చాలా ఎయిర్ ఫ్రయర్లు 1400 వాట్లు, కొన్ని 1700 దాకా ఉంటాయి. మన 230 వోల్టుల కరెంటులో 1400 వాట్లంటే 6 ఆంపియర్లు దాటినట్టే. మిక్సీ పెట్టే చిన్న సాకెట్ కట్టింది 6 ఆంపియర్లకి. పాత ఇళ్ళల్లో, అద్దె ఇళ్ళల్లో వంటింట్లో పెద్ద ప్లగ్, అదే గీజర్‌కి పెట్టే 16 ఆంపియర్ల ప్లగ్, ఉండదు. అప్పుడేం చేస్తాం? ఎక్స్‌టెన్షన్ బాక్స్ తెచ్చి, అందులోనే ఫ్రిజ్, అందులోనే ఫ్రయర్. ప్లగ్ పిన్నులు చేత్తో ముట్టుకుంటే కాలుతున్నా, ప్లాస్టిక్ వాసన వస్తున్నా అది వార్నింగ్. వెంటనే ఆపేయండి. ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలిచి సరైన వైరుతో, ఎర్త్‌తో పెద్ద ప్లగ్ వేయించుకోండి. ఆ ఖర్చు కూడా ఫ్రయర్ ధరలోనే కలుపుకోండి.

ఇంకోటి, ఎండాకాలం సాయంత్రం వోల్టేజ్ పడిపోతే? 180 వోల్టులకి వస్తే 1400 వాట్ల మెషిన్ దగ్గర దగ్గర 860 వాట్లే ఇస్తుంది. రెసిపీలో 15 నిమిషాలని ఉంటే మీకు ఇంకా ఎక్కువ పడుతుంది. మెషిన్ పాడైందని కంగారు పడకండి. టైమ్ కాదు, ముక్కని చూడండి. కరెంటు బిల్లు భయం మాత్రం వద్దు. 1400 వాట్లతో 20 నిమిషాలు ఆగకుండా నడిచినా అర యూనిట్ లోపే.

సైజు దగ్గర చాలామంది మోసపోతారు. 4 లీటర్లంటే నాలుగు లీటర్ల కూర కాదండి. ముక్కలు ఒక్క వరుసలో పరవాలి, గుట్టగా పోస్తే వేగవు, ఉడుకుతాయి. ఇద్దరికి ఆ సైజు సరిపోతుంది. ఐదుగురున్న ఇంట్లో రెండు మూడు వాయిలు వెయ్యాల్సిందే, ఆఖరి వాయి అయ్యేసరికి మొదటిది చల్లారిపోతుంది. కొనేముందు ఆ కంపెనీ సర్వీస్ సెంటర్ మన ఊళ్ళో ఉందా, అనకాపల్లి వెళ్ళాలా, వైజాగ్ వెళ్ళాలా, బుట్ట విడిగా దొరుకుతుందా అని అడగండి. బుట్ట పూత ముందు పోతుంది. అందుకే దాన్ని స్టీలు పీచుతో తోమకండి.

బెండకాయ ఇలా చెయ్యండి. కడిగి, తడి పూర్తిగా తుడిచి, ముక్కలు కోసి, స్పూన్ నూనె పట్టించండి. 180 డిగ్రీల్లో 12 నుంచి 15 నిమిషాలు, మధ్యలో రెండుసార్లు బుట్ట కుదపండి. ఉప్పు ఆఖర్న, ముందే వేస్తే నీరు ఊరుతుంది. పోపు విడిగా చిన్న మూకుడులో పెట్టి కలపండి. కంద, అరటికాయ అయితే ముందు సగం ఉడికించుకోవాలి. చేపకి మసాలాలోనే కాస్త నూనె కలపండి, పొడి కారం గాలికి మాడుతుంది. మన ఏజెన్సీ మిరియాలు దంచి చల్లితే తాండవ రిజర్వాయర్ చేప కూడా అదిరిపోతుంది.

కరివేపాకు, అప్పడం మాత్రం బుట్టలో ఉత్తగా వెయ్యొద్దు. ఫ్యాన్ గాలికి లేచి కాయిల్‌కి అంటుకుని పొగొస్తుంది. అప్పడం పైన చిన్న స్టీలు జాలీ బరువుగా పెట్టి వెయ్యండి, ఒకటి రెండు నిమిషాల్లో అయిపోతుంది, పక్కనే నిలబడండి.